పరలోక దేవతల కంచు విగ్రహములు



నాకు పదియేండ్ల ప్రాయమున మా నాయనమ్మ నన్ను వెంటబెట్టుకొని కుసుమంచి నుండి హైదరాబాదు నగరమునకు పోయెను. బంధువుల యింట శుభకార్యము ముగిసిన పిమ్మట, పూర్వము బాగ్-ఎ-ఆమ్ అని పిలువబడిన పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియమును చూడ బోయితిమి. శిల్పములను, నాణెములను, కత్తులను చూచుచు పోయి పోయి యొక గాజుపెట్టె కడ నిలిచితిమి. అందులో గుడ్డపేలికలు చుట్టిన యొక బాలిక దేహమున్నది. అది ఈజిప్టు దేశపు మమ్మీ యని కావలివాడు చెప్పెను. మా నాయనమ్మ చాలసేపు మాటలాడలేదు. తుదకు చేతులు జోడించి, “ఎవరి బిడ్డో! దీనికి దినవారాలు చేసినోళ్లున్నారంటావా?” యని నన్నడిగెను.

నేను బదులు చెప్పలేకపోతిని. అప్పటి నా చదువునకు ఆ ప్రశ్న అందలేదు. తరువాత పెక్కేండ్లకు ఈజిప్టు వారి కంచు విగ్రహములను గుఱించి చదువ నారంభించిన పిమ్మట, ఆమె యడిగిన ప్రశ్నయే ఆ విగ్రహములన్నిటికిని తాళపుచెవి యని నాకు తోచినది. నేటి ప్రసంగమున ఆ విషయమునే మీకు విన్నవింతును.

మొదట ఆ బాలికను గుఱించి రెండు మాటలు. ఆఱవ నిజాము అల్లుడగు నజీర్ నవాజ్ జంగు ఆ మమ్మీని కొని తెచ్చి, ఏడవ నిజామగు మీర్ ఉస్మాన్ అలీ ఖానునకు కానుకగా నిచ్చెను. ఆయన 1930లో దానిని మ్యూజియమునకు ఒసగెను. అది క్రీస్తునకు పూర్వము 300, 100 సంవత్సరముల నడిమి కాలమునాటిదని మ్యూజియమువారి లెక్క. ఆమె “ఆఱవ ఫరో కుమార్తె” యను మాటయొకటి ప్రచారములో నున్నది. కాని ఫరోలను మొదటివాడు, రెండవవాడు అని వరుసగా లెక్కించు వాడుక చరిత్రలో లేదు. ఆ మూడు వేల యేండ్ల కాలమున ముప్పది రాజవంశములకు పైగా ఏలినవి. మ్యూజియము లెక్క సరియైనచో ఈ బాలిక టోలెమీలను గ్రీకు వంశపు రాజుల కాలమున జీవించినది. మనము నేడు చెప్పుకొనబోవు కంచు విగ్రహములు మిక్కిలిగా పోతపోయబడినదియు ఆ కాలముననే, దానికి ముందరి మూడు నాలుగు శతాబ్దములలోనే. కావున ఆమె తల్లిదండ్రులు కన్నులార చూచిన దేవతలను గుఱించియే మనము మాటలాడుకొనుచున్నామని తలంపవచ్చును.

ఎవరీ దేవతలు? వారిలో ముఖ్యుడు ఒసిరిస్. అతని కథ యిది. ఒసిరిస్ ఈజిప్టు దేశమును ధర్మముగా నేలిన రాజు. జనులకు సేద్యము నేర్పినవాడు. అతని తమ్ముడు సేత్ ఈర్ష్యచే అతనిని చంపి, దేహమును ముక్కలు చేసి దేశమంతట వెదచల్లెను. ఒసిరిస్ భార్యయగు ఐసిస్ తన చెల్లెలు నెఫ్తిస్‌తో గూడి, ఏడ్చుచు తిరిగి తిరిగి ఆ ముక్కలను ఏఱి కూర్చెను. నక్కతల గల అనూబిస్ వానిని ఒకటిగా చేర్చి, నారగుడ్డలతో చుట్టెను. అదియే మొదటి మమ్మీ. ఐసిస్ మంత్రబలమున ఒసిరిస్ కొంతతడవు చైతన్యము పొంది, ఆమెకు హోరస్ అను కుమారుని ప్రసాదించెను. ఆ పిదప అతడీ లోకమునకు మరల రాలేదు. మృతుల లోకమునకు రాజయ్యెను.

మనలో ఈ కథ వినినవారికి సావిత్రి జ్ఞప్తికి వచ్చును. యముడును జ్ఞప్తికి వచ్చును. ఋగ్వేదమున యముడు మొట్టమొదట మరణించి, తరువాతివారికి త్రోవ చూపినవాడు. ఆ త్రోవను పోయినవారికి రాజైనవాడు. ఒసిరిస్ కథయు అట్టిదే. అయితే ఈ పోలికను మితముగానే గ్రహింపవలెను. సావిత్రి తన భర్తను ఇంటికి తెచ్చుకొనెను, ఐసిస్ తెచ్చుకొనలేకపోయెను. మరణించినవాడు మరల ఈ లోకమునకు రాడను సత్యమును ఈజిప్టు వారు దాచిపెట్టలేదు. అక్కడ మాత్రము అతడు క్షేమముగా నుండవలెనని కోరిరి. వారి మతమందలి ఓదార్పంతయు ఆ కోరికలోనే యున్నది.

కంచులో పోసిన ఒసిరిస్‌ను గుర్తించుట సులభము. కాళ్లు రెండును ఒకటిగా చేర్చి చుట్టిన మమ్మీ రూపము. గుడ్డలలోనుండి వెలికి వచ్చి ఎదపై నానిన చేతులు. ఒక చేత గొల్లవాని వంపుకఱ్ఱ, మఱియొక చేత ముప్పేటల కొరడా. గడ్డమునకు కట్టిన జడవంటి గడ్డము. తలపై పొడవైన కిరీటము, దానికి రెండు ప్రక్కల ఉష్ట్రపక్షి ఈకలు, నుదుట పడగ విప్పిన పాము. వంపుకఱ్ఱ రాజు మందను కాచువాడనుటకు గుఱుతు. నిలిచిన ఒసిరిస్ కదలలేడు, నడువలేడు. ఇతర దేవతలు ఒక యడుగు ముందునకు వేసి నిలిచియుందురు. ఇతని కా చలనము లేదు. అతడు మృతుడని, మృతుడై యుండియు రాజని, ఆ బొమ్మ ఒక్క చూపులోనే చెప్పును.

అనూబిస్ మనుష్యదేహము, నక్కజాతి మృగపు తల గలవాడు. ఇతనిని దేవతగా ఏల చేసిరి? ఈజిప్టులో ఊరి పొలిమేర దాటినంతనే ఇసుకయెడారి. శవములను ఆ ఇసుకలోనే పాతిరి. రాత్రి నక్కలు వచ్చి గోతులను త్రవ్వెడివి. ఏ మృగము శవమునకు ముప్పు తెచ్చునో ఆ మృగమునే శవరక్షకునిగా చేసి కొలిచిరి. ఇది మనకు వింత కాదు. మసూచి తెచ్చు తల్లియు, మసూచి మాన్పు తల్లియు పోచమ్మయే యని మన పల్లెలు ఎఱుగును. భయపెట్టుదానిని వేడుకొని రక్షకురాలిగా చేసికొనుట మానవజాతి యంతటికిని తెలిసిన యుపాయము.

ఐసిస్ తఱుచుగా పీఠముపై కూర్చుండి, ఒడిలోని హోరస్‌నకు పాలిచ్చుచున్న తల్లిగా కనబడును. ఆమె తలపై ఆవుకొమ్ముల నడుమ సూర్యబింబముండును. మమ్మీ నుండి తీసిన కాలేయము, ఊపిరితిత్తులు, పొట్ట, ప్రేగులు అను నాలుగింటికిని హోరస్ కుమారులు నలుగురు కావలివారు. వారికి వరుసగా మనుష్యుని తల, కోతి తల, నక్క తల, డేగ తల. ఇక కొంగముక్కు వంటి వంపుముక్కు గల థోత్ దేవతల లేఖకుడు. మరణించినవాని హృదయమును త్రాసున ఒక తట్టలోను, సత్యదేవతయగు మాఅత్ ఈకను ఒక తట్టలోను ఉంచి అనూబిస్ తూచును. థోత్ లెక్క వ్రాయును. తప్పు బరువెక్కిన హృదయమును ఒక క్రూరమృగము మ్రింగివేయును. తూకమున నెగ్గినవాడు ఒసిరిస్ సన్నిధికి పోవును. చిత్రగుప్తుని కవిలెకట్టను ఎఱిగిన మనకు ఇందేదియు వివరింప నక్కఱలేదు.

ఇప్పుడు ఆ విగ్రహములను ఎట్లు పోసిరో చూతము. కంచు అనగా రాగితో తగరము కలిపిన లోహము. ఈజిప్టు వారు, ముఖ్యముగా తరువాతి కాలమున, దానిలో సీసమును గూడ కలిపిరి. సీసము కలిసిన లోహము పలుచనై, అచ్చులోని సన్నని సందులలోనికి సులభముగా పాఱును. చిన్న బొమ్మను పోయుటకు మొదట మైనముతో బొమ్మను చేసి, కిరీటపు ఈకలు మొదలు కాలి మడమల వఱకు అన్నియు దానిమీదనే తీర్చుదురు. దానికి మెత్తని మట్టి పూసి, ఆపై గరుకుమట్టి పూసి, లోహము పోయుటకు దారి విడిచి ఆరబెట్టుదురు. ఆ మట్టిముద్దను కాల్చగా మైనము కరగి వెలికి పోవును, మట్టి గట్టిపడును. మైనము విడిచిన ఖాళీలో మూసలో కరగించిన కంచును పోయుదురు. చల్లాఱిన పిమ్మట మట్టిని పగులగొట్టి, బొమ్మను తీసి, ఆకురాయితో రుద్ది నునుపు చేయుదురు. అచ్చు పగిలిపోయినది గనుక ఒక మైనపు బొమ్మకు ఒక్క కంచు బొమ్మయే వచ్చును.

పెద్ద బొమ్మకు లోహము చాల పట్టును, చల్లాఱునపుడు పగులును కూడ. అందుచే నడుమ ఇసుక, మట్టి కలిపిన ముద్దనొకదానిని గర్భముగా నుంచి, దాని చుట్టును మైనమును పలుచగా పొదిగి, పైన మట్టి పూసెడివారు. మైనము కరగిపోయినపుడు గర్భము కదలకుండుటకై సన్నని లోహపు చీలలను ప్రక్కలనుండి గ్రుచ్చిరి. బొమ్మ పూర్తియైన తరువాత కండ్లలో వెండినో, గాజునో పొదిగిరి. ధనవంతుల బొమ్మలకు బంగారు రేకు తాపిరి. పాదముల క్రింద ఒక మేకువంటి భాగము విడిచి, దానిని కొయ్యపీఠములో దిగగొట్టిరి. నేడు మ్యూజియములలో ఆ మేకు కనబడుచున్నది గాని పీఠము తఱుచుగా కనబడదు. కొయ్య చివికిపోయినది.

ఈ మైనపు పోత మనకు క్రొత్తది కాదు. కాకతీయులకు మొదట ప్రభువులైన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున ఈ విధానము చెప్పబడినది. మైనపు బొమ్మను తూచి, ఆ తూకమును బట్టి లోహమెంత కావలెనో ముందుగా లెక్క కట్టవలెనని అందున్నది. మన దేవాలయములలో మూలవిరాట్టు రాతిది, ఊరేగు ఉత్సవమూర్తి పంచలోహములది. ఆ ఉత్సవమూర్తి ఇట్టి పోతవలననే పుట్టినది. ఆదిలాబాదు ప్రాంతపు వోజులు గోండుల దేవతలను, గంటలను, అందెలను నేటికిని మైనపు పోతతోనే చేయుచున్నారు. మా కుసుమంచికి చేరువనున్న నేలకొండపల్లి బౌద్ధస్తూపము చెంత జరిగిన త్రవ్వకములలో బుద్ధుని కంచు విగ్రహమొకటి లభించినది. నేలకొండపల్లి యనగా భద్రాచల రామదాసు పుట్టినయూరని మీరు ఎఱిగినదే. భక్తుడు పుట్టకమునుపే, ఆ నేలలో నొక కంచు దేవుడు పెక్కు శతాబ్దములు నిద్రించియుండెనన్నమాట.

ఇక ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాను. ఒసిరిస్ మృతుల దేవుడు గనుక అతని కంచు బొమ్మలు సమాధులలోనే దొరకునని చాలమంది తలంతురు. నేనును అట్లే తలంచియుంటిని. కాని అవి మిక్కిలిగా దొరకినది దేవాలయములలో, దేవాలయ ప్రాంగణములందలి గోతులలో. సమాధులలో ఉంచినవి వేఱు. కొయ్యతో చేసి రంగులు పూసిన దేవతామూర్తులు, మృతునికి బదులుగా పరలోకమున పొలము పనులు చేయుటకై పెట్టిన చిన్న బంటుబొమ్మలు అక్కడివి. కంచు బొమ్మలు మాత్రము మ్రొక్కుబళ్లు. బ్రదికియున్నవారు గుడికి పోయి సమర్పించినవి. భద్రాద్రికి పోయి మ్రొక్కు చెల్లించువారిని, తిరుమల హుండీలో వెండి కన్నులు, వెండి చేతులు వేయువారిని చూచినవారికి ఈ ఆచారము వెంటనే బోధపడును. కొందఱు తమ పేరు, తమ తండ్రి పేరు, తల్లి పేరు పీఠముపై చెక్కించిరి. ఒసిరిస్ ఫలానావానికి జీవము నిచ్చుగాక యని, ఆ చిన్న వ్రాతల సారాంశము. మన ఉత్సవమూర్తివలె వాటికి నిత్యపూజ లేదు. అవి అర్చామూర్తులు కావు, కానుకలు. వేడుకొనినవాని నోరు మూతపడిన తరువాత కూడ వేడుకొనుచునే యుండు నోళ్లు.

మొదట ఈ భాగ్యము అందఱిదియు కాదు. ప్రాచీనకాలమున రాజొక్కడే మరణించి ఒసిరిస్ అగునని నమ్మిరి. కాలక్రమమున అధికారులు, పిమ్మట సామాన్యులు కూడ ఆ పదవికి అర్హులైరి. మనము కీర్తిశేషులని, స్వర్గీయులని పేరునకు ముందు చేర్చినట్లు, వారు మృతుని పేరునకు ముందు ఒసిరిస్ అని చేర్చిరి. స్త్రీకి గూడ అదే మర్యాద. క్రీస్తునకు పూర్వము 664 నుండి 332 వఱకు గల కాలమున, తరువాత టోలెమీల కాలమున, సామాన్యులు తమకు చేతనైనంత కంచుతో తమ కానుకను సమర్పించిరి. అందుచేతనే జానెడు పొడవు మించని బొమ్మలు వేలకొలదిగా నున్నవి. మనుష్యుని నిలువెత్తునకు దరిచేరునవి మిక్కిలి అరుదు. నునుపైన శిల్పమును, అడ్డదిడ్డముగా పోసిన బొమ్మను ఒకే గోతిలో దొరకినవి. ధనికుడును పేదయు ఒకే గుడికి వచ్చిరనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

గోతులని అంటిని. అవి యేమి? కానుకలు పెరిగి పెరిగి గుడిలో స్థలము చాలనప్పుడు పూజారులు వాటిని కరగించి అమ్ముకొనలేదు. దేవునికిచ్చినది దేవునిదే. కావున పవిత్రస్థలములోనే గోయి త్రవ్వి, వానిని అందుంచి కప్పిరి. 1903లో మొదలిడి జార్జి లెగ్రేన్ అను ఫ్రెంచి పండితుడు కర్ణాక్ దేవాలయపు ముంగిట ఇట్టి గోయిని త్రవ్వెను. క్రింద నీరూరుచుండగా ఆ నీటిని తోడుచు, రెండేండ్లకు పైగా ఆ పని సాగినది. ఏడు వందలకు పైబడిన రాతి ప్రతిమలు, సుమారు 17,000 కంచు బొమ్మలు ఆ బురదలోనుండి వెలికి వచ్చినవి. ఖర్గా ఒయాసిస్సులోని ఐన్ మనావిర్ అను చోట ఒసిరిస్ గుడిలో ఫ్రెంచి పరిశోధకులకు మూడు వందలకు పైగా కంచు బొమ్మలు దొరకినవి. 2022 మే నెలలో సక్కారా శ్మశానభూమిలో 150 కంచు విగ్రహములు దొరకినవని ఈజిప్టు ప్రభుత్వము ప్రకటించెను. ఒసిరిస్, ఐసిస్, అనూబిస్ మొదలగు దేవతలందఱును అందున్నారు. ఇరువదినాలుగు వందల యేండ్లకు పైబడి చీకటిలో నుండినవారు ఆనాడు మరల సూర్యుని చూచిరి.

దీనిలో ఒక నీతి యున్నది. ప్రాచీనప్రపంచమున పోసిన కంచులో మిగిలినది చాల తక్కువ. రాయి పగిలినచో రాయిగానే మిగులును. కంచు మాత్రము కొలిమిలో వేసినంతనే బిందెయగును, కత్తియగును, నాణెమగును. యుద్ధము వచ్చినను కఱవు వచ్చినను, దేవుని మొదట కరగించిరి. కప్పబడినది మిగిలినది. కనబడినది పోయినది. మన దేశమున గూడ అనేక పంచలోహమూర్తులు పరసైన్యముల భయమున పాతిపెట్టబడి, మరల పొలము దున్నుచుండగా బయటపడినవే. నేటి భయము వేఱు. నేటి దొంగ విగ్రహమును కరగింపడు. దేశము దాటించి అమ్మును. గుడితాళము బలహీనమైన ప్రతి పల్లెలోను ఈ ముప్పు కలదు.

అందుచే మీలో ఎవరికైన పొలములోనో, చెరువుపూడికలోనో పాత కంచు విగ్రహము దొరకినచో ఒక విన్నపము. దానిని చింతపండుతో తోమవలదు. ఇంటి చెంబునకు చింతపండు మంచిది. నేలలో నూఱులకొలది యేండ్లున్న కంచునకు అది హాని. భూమిలోని ఉప్పు ఆ లోహములో చొచ్చియుండును. తేమ తగిలినపుడు అది లేత ఆకుపచ్చని పొడిగా రాలుచు, విగ్రహమును లోలోపల తినివేయును. దీనిని కంచుజబ్బు అందురు. అట్టి విగ్రహమును పొడిగా నుంచి, నేర్పరులచేతికి అప్పగింపవలెను. పైని చిలుములోనే బంగారు రేకు ఆనవాలో, వ్రాసిన పేరో దాగియుండవచ్చును. దొరకినచోటును, లోతును గుర్తుంచుకొని తహశీల్దారునకు తెలుపుడు. చోటు తెలియని విగ్రహము ఊరు మఱచిన మనుష్యుని వంటిది. అందము మిగులును, కథ పోవును.

మృతులను గుఱించిన తలపు ఈజిప్టు వారి సొత్తు మాత్రము కాదు. మా కుసుమంచి నుండి ఈశాన్యమునకు పోయి గోదావరి యడవులు చేరినచో, పినపాక ప్రాంతమున జానంపేట చుట్టు పెద్ద పెద్ద బండలతో కట్టిన ప్రాచీన సమాధులున్నవి. ఇనుపయుగపు ప్రజలు వానిని కట్టిరి. మన జనులు వానిని రాకాసిగుళ్లందురు. ఇంత బండలను మనుష్యులు ఎత్తగలరని నమ్మక, రాక్షసులకు అంటగట్టిరి. కాని ఎత్తినవారు మనుష్యులే. వారు తమ తల్లికొఱకో, తండ్రికొఱకో, బిడ్డకొఱకో ఎత్తిరి. అక్షరము లేదు గనుక ఆ బండలపై పేరు లేదు. నైలునదీతీరమున అక్షరమున్నది గనుక అరచేయి పొడవు బొమ్మపై పేరున్నది. ఆశ మాత్రము రెండుచోట్ల నొకటే.

పేరనగా ఈజిప్టు వారికి ప్రాణముతో సమానము. మనుష్యుని దేహము ఒక భాగము, నీడ ఒక భాగము, పేరు ఒక భాగము. పేరును పలుకువారున్నంతవఱకు మృతుడు నశింపడు. పేరును చెక్కివేసినచో రెండవ మరణము. కావుననే శత్రువుల పేళ్లను రాళ్లపైనుండి చెక్కివేసిరి. తమ పేళ్లను గుళ్లలో, గోరీలలో, కంచుబొమ్మల పాదములకడ దాచుకొనిరి. హెరొడోటస్ అను గ్రీకు చరిత్రకారుడు క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దమున ఈజిప్టునకు పోయి మమ్మీలను చేయు విధమంతయు వివరించెను. మెదడును తీయుట, దేహమును నేట్రాన్ అను ఉప్పులో డెబ్బది దినములుంచుట, ధనమును బట్టి మూడు తరగతుల పని, అన్నియు వ్రాసెను. కాని ఆ సందర్భమున ఒసిరిస్ పేరును మాత్రము పలుకుటకు జంకి, పేరు చెప్పదగని దేవుడని వ్రాసి విడిచెను. పరదేశీయుడు సైతము ఆ పేరునకు వెఱచెను.

సమాధులపై వారు వ్రాసికొనిన మనవి యొకటి కలదు. దాని భావమును నా మాటలలో చెప్పుదును. ఓ బ్రదికియున్నవారలారా, ఈ త్రోవను పోవువారలారా, నా పేరు చెప్పి, నాకు వేయి రొట్టెలు, వేయి కుండల పానీయము, ఎడ్లు, పక్షులు లభించుగాక యని ఒక్కసారి పలుకుడు. దీనికి మీకు ఖర్చేమియు లేదు. నోటి ఊపిరి మాత్రము చాలును. ఇదియే ఆ మనవి. నువ్వులు, నీళ్లు విడిచి గోత్రము, పేరు పలికి తర్పణము చేయు దేశమున పుట్టిన మనకు ఈ మనవి అర్థము కాకుండునా?

మా నాయనమ్మ యడిగిన ప్రశ్నకు ఇప్పుడు బదులు చెప్పగలను. నాయనమ్మా, ఆ పిల్లకు దినవారములు చేసిరి. దేహమును కడిగి, ఉప్పులో నుంచి, నారతో చుట్టి, అనూబిస్ ముసుగు ధరించిన పూజారిచేతనో, తండ్రిచేతనో నోరు తెఱపించిరి. నోరు తెఱచుట యనునది అక్కడి ముఖ్యకర్మ. విగ్రహమునకును శవమునకును అదే చేసిరి. మనము విగ్రహమునకు కన్ను తెఱపించి ప్రాణప్రతిష్ఠ చేసినట్లు, వారు నోరు తెఱపించి, తినుటకు, మాటలాడుటకు, ఊపిరి పీల్చుటకు అధికారమొసగిరి. ఆమె పేరునకు ముందు ఒసిరిస్ అని చేర్చిరి. ఆ యింటివారు ఏ గుడిలోనో ఆమె కొఱకు మ్రొక్కియుందురు. దినవారములు తప్పలేదు, నాయనమ్మా. తప్పినది ఒక్కటే. ఆమెను ఆమె దేవతలనుండి, ఆమె నేలనుండి వేఱుచేసి తెచ్చి, మనము కండ్లకు వేడుకగా పెట్టెలో నుంచితిమి.

మ్యూజియములను నేను నిందించుటలేదు. ఇటీవల ఆ దేహము చెడకుండుటకై ప్రాణవాయువు చొఱనీయని గాజుపెట్టెను అమర్చి, శ్రద్ధతో కాపాడుచున్నారు. ఆ పెట్టె లేనిచో మా నాయనమ్మకు ఆ ప్రశ్న పుట్టెడిదే కాదు, నాకీ చదువును అబ్బెడిది కాదు. నేనడుగునది చూపరులను. అక్కడ నిలిచి నవ్వువారిని, గాజుపై వ్రేళ్లతో కొట్టువారిని నేను చూచితిని. ఆమె బొమ్మ కాదు. ఒకరి బిడ్డ.

మీరెప్పుడైన ఆ తోటకు పోయినచో, ఆ పెట్టె కడ ఒక్క నిమిషము నిలువుడు. ఆమెను నేడు నైషు అని పిలుచుచున్నారు. ఆ పేరునే పలికి, నీకు వేయి రొట్టెలు, వేయి కుండల నీరు లభించుగాక యని మనసులో ననుకొనుడు. ఆమె మతము మనది కాదు, భాష మనది కాదు. అయినను వారడిగినది ఊపిరియే. గణపేశ్వరుని గుడిలో దీపము పెట్టివచ్చిన మా నాయనమ్మ ఆనాడు చేతులు జోడించి చేసినది అదియే. చదువు లేకయే ఆమె ఈజిప్టు వారి మనవిని చెల్లించెను. నేను చదివి చదివి, ఇన్నేండ్లకు ఆమె నిలిచినచోటికి చేరితిని.

సెలవు.